నాగబాబు దవడ

కంకిపాడు చేపల మార్కెట్లో నాగబాబు వేలంపాట అందుకున్నాడంటే, రోడ్డు మీద పోయే బస్సులో వాళ్లకు కూడా ఆ రోజు బొచ్చె చేప ధర తెలిసిపోయేది. గొంతు అలాంటిది. మొహానికే కాస్త మెలిక. పదహారో ఏట కింది దవడ ఎడమవైపుకు జరగడం మొదలై, ఇరవై దాటాక ఆగింది. చూసేవాళ్లు అలవాటు పడ్డారు, అతనూ పడ్డాడు. జామకాయ కొరకలేకపోవడం, పాట ముగిసేసరికి చెవి ముందు సలపడం మాత్రం అలవాటు కాలేదు.

2006లో పన్ను నొప్పని విజయవాడ వెళ్లాడు. బెంజ్ సర్కిల్ దగ్గర దవడ ఆపరేషన్లు చేసే డాక్టర్ హేమసుందర్ ఆ పన్ను సంగతి చూసి, అతని మొహం వంక చూస్తూ ఉండిపోయాడు.

"దీన్ని సరిచెయ్యొచ్చు నాగబాబూ. ఎదుగుదల ఆగిపోయింది కాబట్టి ఇబ్బంది లేదు."

"గడ్డం ఎముక కొంచెం చెక్కేస్తే సరిపోద్ది గదండీ?"

"ఏం చెయ్యాలో స్కానింగ్ చూశాక చెబుతాను."

వారం తర్వాత నాగబాబు, భార్య సత్యశ్రీ, తల్లి పేరమ్మ డాక్టరు కంప్యూటరు ముందు కూర్చున్నారు. తెర మీద ఒక పుర్రె మెల్లగా తిరుగుతోంది.

"ఎవరిదండీ అది?" అంది పేరమ్మ.

"మీ అబ్బాయిదేనమ్మా."

పేరమ్మ పక్కనున్న కొడుకు భుజం ఒకసారి తడిమి చూసుకుంది.

డాక్టరు ఆ పుర్రెను పైకీ కిందికీ తిప్పి చూపించాడు. కుడి సగాన్ని అద్దంలో బొమ్మలా మార్చి ఎడమ సగం మీద పెట్టాడు. రెండూ కలవలేదు. "ఫొటోలో గడ్డం ఒక్కటే వంకరగా కనిపిస్తుంది. ఇక్కడ చూడండి, పై దవడ కూడా కుడివైపు కిందికి దిగింది. గడ్డం చెక్కి ఊరుకుంటే పళ్లు కలవవు. రెండు దవడలూ కోసి, జరిపి, చిన్న రేకులతో బిగించాలి."

సత్యశ్రీ అడిగింది, "మాట్టాడ్డానికి ఎన్నాళ్లు పడుద్దండీ?"

"ఆరు వారాలు నోరు తెరుచుకోకుండా పళ్లకు రబ్బర్లు వేసి ఉంచుతాం. జావలే తాగాలి."

పాటగాడికి ఆరు వారాల మౌనం. తిరుగు బస్సులో నాగబాబు పెనమలూరు దాకా ఆలోచించి, "చేయించుకుంటానే," అన్నాడు.

ముందు పళ్లు వరసలోకి రావడానికి ఏడాదిపాటు తీగలు కట్టించుకున్నాక ఆపరేషన్ అయింది. మార్కెట్లో పాట పేరమ్మ అందుకుంది. ముప్పై ఏళ్లు గంపెత్తుకుని చేపలమ్మిన మనిషి. మొదటి రెండు రోజులు నాగబాబు పక్కన నిలబడి వేళ్లతో ధర చూపించాడు. మూడో రోజు, "ఊరుకోరా, నాకు తెలుసు," అని ఆమె అతని చెయ్యి కిందికి నెట్టేసింది. అందరూ నవ్వారు. రబ్బర్ల వల్ల అతను నవ్వలేకపోయాడు. ఇంట్లో సత్యశ్రీ చేపల పులుసు వడగట్టి గ్లాసులో పోసేది.

వాపు తగ్గాక అద్దంలో ఎవరో కొత్త మనిషి కనిపించాడు. మూడేళ్ల కూతురు చిన్ని అతని దగ్గరకు రాలేదు. అది అతన్ని ఆపరేషన్ కంటే ఎక్కువ బాధపెట్టింది. రబ్బర్లు తీసిన రోజు, "చిన్నమ్మా," అని పిలిచాడు. పిల్ల ఆ గొంతు విని, కాసేపు ఎగాదిగా చూసి, ఒళ్లోకెక్కింది.

కింది పెదవి మొద్దుబారి 'ప', 'బ' పలకడం కష్టమైంది. పది, పదకొండు, పన్నెండు అంటూ పెరట్లో సాధన చేశాడు.

ఆరు నెలలకు మళ్లీ స్కానింగ్ తీశారు. ఈసారి రెండు సగాలూ కలిసిన చోట పచ్చ రంగు, తేడా ఉన్నచోట ఎరుపు. మొహమంతా పచ్చగానే ఉంది, కుడి దవడ మూల ఒక ఎర్రటి మచ్చ తప్ప.

"రెండు మిల్లీమీటర్ల తేడా మిగిలింది," అన్నాడు డాక్టరు. "కావాలంటే ఇంకో చిన్న ఆపరేషన్ చెయ్యొచ్చు."

నాగబాబు ఆ చోట బొటనవేలితో వెతికాడు. దొరకలేదు. సత్యశ్రీ వైపు తిరిగాడు.

"నాకేం కనపట్టంలేదు బావా."

"అందరి ఎముకలూ సమానంగా ఉంటయ్యా డాక్టరుగారూ?" అంది పేరమ్మ.

"ఎవరివీ ఉండవమ్మా. నావీ ఉండవు."

"అయితే ఉండనీండి," అన్నాడు నాగబాబు.

మర్నాడు మార్కెట్‌కు వెళ్లి తన చోట బోర్లించిన చేపల పెట్టె ఎక్కి మళ్లీ పాట అందుకున్నాడు. గొంతు మునుపటంత దూరం పోయింది, చెవి ముందు సలుపు లేదు. పేరమ్మ మాత్రం ఇంటికి పోలేదు. కొర్రమీను పాట ఇకనుంచి తనదేనని చెప్పి, కొడుకు పక్కనే ఇంకో పెట్టె బోర్లించి ఎక్కింది.