రెండోసారి పాడిన చరణం

నా పాటల్లో జనంలో బాగా తిరిగింది ఒకటే. పెళ్లి బరాత్‌లో విన్నాను, ఆటోలో విన్నాను. ఒకసారి జగిత్యాల బస్టాండులో పక్కనున్న మనిషి ఫోన్ మోగితే అందులోనూ విన్నాను. విన్న ప్రతిసారీ లేచి అవతలికి వెళ్లిపోయాను. ఎందుకో పోయినేడు దాకా ఎవరికీ సరిగా చెప్పలేదు.

మాది సిరిసిల్ల. మా గోడకు ఆనుకొని ఒక ఆసామి మరమగ్గాల షెడ్డు, అందులో ఎనిమిది సాంచాలు. మా నాన్న వాటి మీదే గుడ్డ నేసేవాడు. గోడకు ఇవతల అమ్మ చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చేస్తూ పాడేది. ఆ చప్పుడులో గొంతు పెంచితే పగులుతుంది. అందుకని సాంచాల దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న సందులో మాటను పెట్టేది. నేను తాళం నేర్చుకున్నది అక్కడే. నాన్న వలసపోయి భీవండి సాంచాల మీద పనిచేసిన రోజుల్లో కొనుక్కొచ్చిన ఖవ్వాలీ క్యాసెట్లు ఇంట్లో ఉండేవి. ఒక్క మాట తెలియకపోయినా అరిగిపోయేదాకా విన్నాను. అమ్మమ్మ ఊరు పెగడపల్లికి పోతే ఒగ్గు కథ. నా సంగీతమంతా ఇంతే. గురువు లేడు, హార్మోనియం లేదు.

వాడకట్టులో ఎవరైనా పోతే అమ్మ వెళ్లి పీనుగు పక్కన కూర్చొని ఏడుస్తూ పాడేది. చనిపోయిన మనిషికి ఏ కూర ఇష్టమో, ఎవరితో కొట్లాడాడో, ఎవరికి అన్నం పెట్టాడో అన్నీ అందులో వచ్చేవి. లేని గుణం ఒక్కటి కూడా కలిపేది కాదు.

నాన్న పక్క సాంచాల మీద ఒకాయన పనిచేసేవాడు. మామా అని పిలిచేదాన్ని. నూలు మధ్య అటూ ఇటూ ఉరికే నాడె ఆగితే చాలు, ఏదో ఒక మాట అని షెడ్డంతా నవ్వించేవాడు. తర్వాత నవ్వితే దగ్గు వచ్చేది. ఆ తర్వాత నవ్వకపోయినా వచ్చేది. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని సర్కారు దవాఖానలో చెప్పారు. తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకున్న ఏడాదే ఆయన పోయాడు. నేను డిగ్రీ చదువుతున్నాను. అమ్మ ఆయన మీద ఏడ్చిన ఏడుపే నా చెవిలో తిరుగుతుంటే నాలుగు చరణాలు కట్టుకున్నాను.

నాడె ఆగినంతసేపు నవ్వినోడు
దూది మింగి దూది మింగి దగ్గినోడు

మొదటిసారి దాన్ని మా వాడలోని రిలే దీక్షల టెంటులో పాడాను. సాంచాలు బంద్ పెట్టి వచ్చిన మగవాళ్లు తలలు దించుకున్నారు. ఒకాయన దగ్గుతూ లేచి బయటికి పోయాడు. పాటంటే ఇది అని ఆ రోజు నాకు అనిపించింది.

వారం తిరగకముందే కళాబృందం నడిపే ఒకాయన మా ఇంటికి వచ్చాడు. అందరూ అన్నా అనేవారు, నేనూ అన్నాను. అమ్మ చాయ్ ఇచ్చి మళ్లీ చాట ముందు కూర్చుంది.

“పాట మంచిగున్నది చెల్లె. కని దగ్గి సచ్చినోని పాటకు జనం లేవరు. తెలంగాణ కోసం పానమిచ్చిండని పెట్టు.”

“మామ రోగమొచ్చి పోయిండు గదన్నా.”

“రోగమెందుకొచ్చింది? మనది మనకు రాకపోవట్టే గదా. గిండ్ల అబద్ధమేమున్నది? గాయిన పేరు అమరుల లిస్టుల ఎక్కితె గాయిన పెండ్లానికి ఇల్లొస్తది.”

చాయ్ చల్లారేలోపు మాట మార్చేశాను. దూది పోయి జెండా వచ్చింది. జెండ పట్టి జెండ పట్టి ఒరిగినోడు. నన్నెవరూ మోసం చేయలేదు. అత్తకు, అంటే మామ భార్యకు, ఇల్లొస్తుందన్నది ఒక సాకు. నాకు పెద్ద స్టేజీ కావాలి, మైకు కావాలి. అది ఇప్పుడు రాస్తుంటే కూడా రోతగానే ఉంది.

చందుర్తిలో మధ్యాహ్నం సభ పెట్టారు. నేను వెళ్లేసరికి మామ భార్యను స్టేజీ నడుమ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఒళ్లో మామ ఫొటో. ఓటరు కార్డులోని బొమ్మను పెద్దది చేయించినట్టున్నారు, అందులో ఆయన ఎవరో తరుముతున్నట్టు చూస్తున్నాడు. సభకు వచ్చిన నాయకుడు అన్నతో కలిసి స్టేజీ వెనక మాంసం కూరతో అన్నం తింటున్నాడు. తిన్నాక గుట్కా నోట్లో వేసుకొని, అమరుల బొమ్మలున్న ఫ్లెక్సీ పక్కనే ఉమ్మాడు. మూల నుంచి ఎర్రటి చార కిందికి జారింది. అది చూస్తూనే మైకు ముందుకు వెళ్లాను.

మూడో చరణానికి అత్త ఏడ్చింది. ఫొటో మీద నుదురు ఆనించి ఏడ్చింది. పాట అయిపోగానే జనం జై కొట్టారు. అన్న నా దగ్గరికి వచ్చి మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతికి ఇంకా కూర వాసన వస్తోంది.

“గా చరణం ఇంకోసారి ఎత్తుకో చెల్లె. సారు ఫోన్ల ఉండె, కెమెరల పడలే.”

తర్వాత అత్త చెవి దగ్గర వంగి ఏదో చెప్పాడు. ఇందాకటి లెక్కనే ఏడ్వమన్నాడని ఆమే నాకు తర్వాత చెప్పింది. నేను ఎత్తుకున్నాను. అత్తకు ఏడుపు రాలేదు. మొహం వంకర చేసింది, రాలేదు. నాయకుడు ఆమె పక్కన వంగి, తన కండువా కొంగుతో తడిలేని చెంపను తుడిచాడు. ఆ ఫొటో తీశారు. ఇక్కడ దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. రెండోసారి నేను ఇంకా బాగా పాడాను. గొంతు ఎక్కడా జీరపోలేదు.

మర్నాడు పేపర్లో ఆ ఫొటో వచ్చింది. అమ్మకు చదువు రాదు కానీ ఫొటో చూసింది, నాతో ఉన్నదంతా చెప్పించుకుంది. తర్వాత కత్తెర అందుకొని ఆకు కత్తిరించసాగింది.

“సచ్చినోన్ని చూసి ఏడుపొస్తె ఏడుస్తరు బిడ్డా. ఫొటో కోసం ఏడిపియ్యరు,” అంది. ఇంకో ఆకు తీసుకొని, “గాయిన దగ్గు ఏం పాపం చేసిందని దాన్ని తీసేసినవ్?” అని అడిగింది.

సాయంత్రం అత్త ఇంటికి వెళ్లాను. సాంచాలకు నూలు కండెలు చుడుతోంది. నేను పక్కన కూర్చున్నాను. ఆమే మాట మొదలుపెట్టింది.

“మీ మామ దగ్గుతుంటె నిద్ర పడ్తలేదని తిట్టేదాన్ని. గా దగ్గు పాటల ఉన్నప్పుడు నాకు మా ఆయినె కనవడేటోడు. ఇప్పుడు గా జెండ పట్టినాయిన ఎవలో నాకు తెల్వది. నిన్న మొదాలు ఏడ్సింది గూడ మా ఆయినె బొమ్మ సూసి, పాటకు కాదు.”

ఇల్లొస్తదన్నారని పోయానని, నన్నేమీ అనుకోవడం లేదని కూడా చెప్పింది. తిట్టినా బాగుండేది.

తర్వాతి సభ కోరుట్లలో. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పొగ, ఉడుకుతున్న అన్నం వాసన, బీడీలు చేసే ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. నా వంతు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా మొదటి మాటే పాడాను. దూది మింగి దూది మింగి దగ్గినోడు. ముందు వరుసలో ఒక ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండో చరణం మధ్యలో మైకు ఆగిపోయింది. వైరు దగ్గర అన్న నిలబడి ఉన్నాడు. నేను ఆపలేదు. సాంచాల పక్కన పెరిగిన గొంతు కాబట్టి నాలుగైదు వరుసల దాకా వినపడింది. ఆ వెనక వాళ్లకు నేను నోరు ఆడించడం మాత్రమే కనిపించి ఉంటుంది.

దిగాక అన్న నన్ను పక్కకు తీసుకుపోయి, ఇంత పైకి తెచ్చింది తామేనని, ఉద్యమాన్ని నవ్వులపాలు చేశానని అన్నాడు. ఇక రానని, పాట కూడా ఇవ్వనని చెప్పాను. ఆయన నవ్వాడు.

“పాట నీ తాన ఏడున్నది చెల్లె? జనంలకు పోయింది.”

నిజమే. నెలలోపు ఇంకో అమ్మాయి గొంతుతో జెండా పాట సీడీల్లోకి ఎక్కింది. బాగా పాడింది పాపం. ఆమె మీద నాకే కోపమూ లేదు.

తెలంగాణ వచ్చింది. ఆ రోజు నేనూ రోడ్డు మీదికి వెళ్లి రంగు పూసుకున్నాను. ఉద్యమం మీద నాకెప్పుడూ అసహ్యం లేదు, ఇది చదివేవాళ్లు అలా అనుకోవద్దు. కొంతకాలానికి సర్కారు సాయం కోసం అమరుల కుటుంబాల విచారణ జరిగింది. అత్త కాగితాలు పట్టుకొని పోతే, దవాఖాన చీటీలో రోగమని రాసి ఉంది. అబద్ధమెందుకు చెప్పావని అక్కడి గుమాస్తా అందరి ముందూ ఆమెను అడిగాడు. అబద్ధం రాసింది నేను, రాయించింది అన్న, దాని పక్కన నిలబడి ఫొటో దిగింది నాయకుడు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. నేను ఆమెతో మళ్లీ వెళ్లి, మాట మార్చింది నేనేనని చెప్పాను. గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, పాటలతో ఇక్కడ పని లేదన్నాడు. అత్తకు ఇల్లు రాలేదు. ఇప్పటికీ కిరాయి ఇంట్లోనే ఉంది. అన్నకు ఒక పదవి వచ్చింది. సన్మానం చేస్తాం రమ్మని నాకు ఫోన్ చేయించాడు. వెళ్లలేదు. వెళ్లకపోవడాన్ని గొప్పగా చెప్పుకునే ముఖం కూడా నాకు లేదు.

ఆ తర్వాత పాటలు నేనే రాసుకొని, నేనే పాడి, నేనే రికార్డు చేయించుకుంటున్నాను. జగిత్యాలలో పెళ్లి వీడియోలు తీసే దుకాణం వెనక గది, బయటి చప్పుడు రాకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి ఉంటాయి. తునికాకు మీద పాట, పసుపు ఉడకబెట్టే ఆడవాళ్ల మీద పాట. వినేవాళ్లు తక్కువ. విన్నవాళ్లలో సగం మంది ఆ జెండా పాట పెట్టమని అడుగుతారు.

పోయినేడు వెల్గటూర్‌లో ఒక చిన్న సభలో కూడా అదే అడిగారు. ఎందుకు పాడనో, ఇక్కడ రాసినట్టే అంతా చెప్పాను. వెనక కూర్చున్న కొందరు విసుక్కుంటూ లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్ల కోసం మూడు కొత్త పాటలు పాడి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను.