పెద్దాయన మీద రాసిన అర్జీలు

మా నాయనకు ఏనుగు మీద ఉన్నంత కోపం లోకంలో మరే ప్రాణి మీదా ఉండేది కాదు, ఒక్క మా చిన్నాయన మీద తప్ప. చిన్నాయనతో గట్టు తగాదా, ఏనుగుతో రాగి చేను తగాదా. రెండూ ఏటేటా తప్పకుండా వచ్చేవి.

మారండహళ్ళి దాటి కొండవైపు పోతే, రిజర్వు అడవిని ఆనుకుని మా చేను. రాగి కంకులు పాలు పట్టే వేళకు అడవిలోంచి ఒక ఒంటికొమ్ము ఏనుగు దిగివచ్చేది. పేరెత్తితే వస్తుందన్న భయంతో మా వాళ్ళు దాన్ని ‘పెద్దాయన’ అంటారు. పెద్దాయన వచ్చి పోయిన పొద్దున నాయన మట్టికాళ్ళతోనే వాకిట్లో కూర్చుని కేకేసేవాడు.

“పాపా, మను రాయి!”

మను అంటే అర్జీ. ఎనిమిదో తరగతి నుంచీ ఇంటికి నేనే గుమాస్తాను. మాది తమిళ సీమ, మా బడి చదువంతా తమిళమే. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నవి. నాయన తెలుగులో తిట్టేవాడు, నేను తమిళంలో మర్యాదగా రాసేదాన్ని.

“ఆ దొంగనాయాలు మళ్ళా వచ్చినాడని రాయి. వాన్ని కర్ణాటకకు తోలేయమని రాయి. అట్లనే రాసినావా?”

“అట్లనే రాసినాను నాయినా.”

నిజానికి నేను రాసింది ‘ఒక మగ ఏనుగు మా పొలంలో ప్రవేశించినది, తగు చర్య తీసుకోగలరు’ అని. నాయన దాన్ని ఫారెస్టు ఆఫీసులో ఇచ్చి, సీలు కొట్టిన నకలు తెచ్చి రేకుపెట్టెలో దాచేవాడు. ఏనుగును తోలడానికి ఒక్కడూ వచ్చింది లేదు గానీ, పెట్టె మాత్రం నిండింది. తన పట్టుచీరకు చోటు లేదని అమ్మ సణిగేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నేను డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్నప్పుడు, ఆ కొండను గ్రానైటు కోసం కోస్తామని ఒక కంపెనీ వచ్చింది. ఆ కొండలో పుట్టే వంక నీళ్ళే మా బావికి ఊట. కొండ పోతే బావి పోతుంది, బావి పోతే చేను పోతుంది. ఎప్పుడూ అరిచే నాయన ఆ కబురు విని పోయి బావిగట్టున కూర్చున్నాడు. నాకు నిజంగా భయమేసింది అప్పుడే.

నేనూ, ఊళ్ళోని నలుగురు ఆడవాళ్ళూ సంతకాలకు బయలుదేరాం. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, ఆ పైవీధిలో కన్నడం. ఏ ఇంటికి పోయినా మొదట మజ్జిగ, తర్వాతే సంతకం. వేలిముద్ర వేసిన ముసలమ్మ అదే వేలితో నా బుగ్గ గిల్లితే, ఆ నీలిమచ్చతోనే ఊరంతా తిరిగాను. అంత తిరిగింది, అంత తిన్నది, అంత నవ్వింది నా బతుకులో మళ్ళీ లేదు.

జనం మాట వినడానికి అధికారులు మారండహళ్ళిలో ఒక కల్యాణమండపంలో సభ పెట్టారు. మండపం అనేసరికి మా ఆడవాళ్ళు పూలు పెట్టుకుని, మంచి చీరలు కట్టుకుని వచ్చేశారు. కంపెనీ తరఫున ఒకాయన మైకు పట్టుకుని రిపోర్టు చదివాడు. ఈ కొండలో ఏనుగుల సంచారం లేదట! ఉందంటే అనుమతి రాదు మరి.

నాకు ఒళ్ళు మండింది. నాయన మెల్లగా నావైపు తిరిగాడు.

“పెద్దాయన లేడంట పాపా. అట్లయితే నా రాగులు నేనే మేసినానా?”

లేచి విసవిసా బయటికి పోయాడు. గుమ్మం దగ్గర ఉన్న చిన్నాయన ఏమీ అడగకుండా తన మోపెడ్ స్టార్ట్ చేశాడు. అన్నదమ్ములకు మాటల్లేక మూడేళ్ళు, అయినా నాయన వెనక ఎక్కాడు! దేనికి పోయారో నాకు అర్థమైంది. వాళ్ళు తిరిగొచ్చేదాకా సభ ముగియకూడదని, నేను మైకు పట్టుకుని అడిగిన ప్రశ్నే మూడు రకాలుగా అడిగాను.

నాయన నెత్తిన రేకుపెట్టెతో లోపలికి వచ్చి, అధికారి ముందు దించి, తాళం తీశాడు. మొదట అమ్మ పట్టుచీర బయటపడింది. హాలంతా గొల్లుమంది. అమ్మ నెత్తి కొట్టుకుంది. దాని కింద అర్జీలు. ఒక్కొక్కటీ తీసి నేను చదివాను. ప్రతిదాని మీదా ఫారెస్టు ఆఫీసు సీలు, తేదీ. ప్రతిదాంట్లోనూ పెద్దాయన. అధికారి చెయ్యి చాపి ఆ కట్టంతా తీసుకున్నాడు.

కంపెనీ ఆయన గట్టిగానే అడిగాడు. “ఏనుగును తరిమేయమని ఇన్నేళ్ళు మొత్తుకున్నది మీరే కదయ్యా. ఇప్పుడు దాని అడవిని కాపాడమంటారేం?”

నాయన తమిళంలో మొదలుపెట్టి, కోపంలో తెలుగులోకి వచ్చేశాడు.

“అదో, ఆ కూర్చున్నోడు నా తమ్ముడు సార్. వానికీ నాకూ గట్టు తగాదా ఉండాది. అందుకని వాని ఇల్లు కూల్చమంటానా?”

వెనకనుంచి చిన్నాయన లేచి నిలబడ్డాడు. “మా అన్న చెప్పేది నిజమే సార్! గట్టు మాత్రం నాదే!”

తెలుగు రానివాళ్ళకు పక్కవాళ్ళు చెప్పేసరికి నవ్వు రెండోసారి లేచింది. అధికారి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. సాయంత్రం నాయన చిన్నాయన మోపెడ్ మీదే ఇంటికొచ్చాడు, ఒళ్ళో పెట్టెతో.

కొన్నాళ్ళకు కంపెనీకి అనుమతి రాలేదని తెలిసింది. ఊరంతా పొంగలి పెట్టుకున్నాం. ఆ ఏడు మాత్రం రాగి కంకులు పాలు పట్టి, ముదిరి, ఎర్రబడుతున్నా పెద్దాయన దిగలేదు. నాయన రోజూ పొద్దున్నే చేను గట్టున నిలబడి కొండవైపు చూసేవాడు. “బాగా పండింది కదా” అంటే “ఆఁ, పండింది” అని ఊరుకునేవాడు.

కోతకు రెండు రోజుల ముందు, మట్టికాళ్ళతో పరుగెత్తుకొచ్చాడు.

“పాపా! మను రాయి! ఒక మూల అంతా తొక్కి పారేసినాడు దొంగనాయాలు!”

ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. కాగితం తీసుకుని, వాన్ని కర్ణాటకకు తోలేయమని రాయాల్నా అని అడిగాను.

“అదేమీ వద్దు. వచ్చినాడని రాయి, చాలు.”