గ్రియర్ ఎవరి ఇంటిపేరు

కమ్మింగ్ అనే అమెరికన్ పట్టణంలోని ఒక ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ శ్రీవిద్య చేతుల మీదుగా పోవాల్సిందే. తల్లిదండ్రుల దగ్గర వివరాలు తీసుకుని బర్త్ సర్టిఫికెట్ కోసం కంప్యూటర్‌లో ఎక్కించడం ఆమె ఉద్యోగం. తొమ్మిదేళ్లలో ఆద్యలూ ధృవ్‌లూ ఎందరో వచ్చారు. అక్షరం తప్పు పోకూడదని ప్రతి పేరూ పైకి చదివి వినిపించేది.

మొన్న మార్చిలో మాత్రం ఒక పేరు దగ్గర ఆగింది. గ్రియర్. ఆడపిల్ల. అంతకుముందెప్పుడూ వినలేదు. పది రోజులు తిరక్కముందే ఇంకో గ్రియర్. ఆ తల్లిని అడిగితే ఫోన్‌లో పేర్లు చూస్తుంటే కనబడిందనీ, పొట్టిగా, గట్టిగా ఉందని పెట్టుకున్నామనీ చెప్పింది. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ శ్రీవిద్య, ప్రభుత్వం ఏటా వేసే పిల్లల పేర్ల జాబితాలు తెరిచింది. ఎక్కడో అడుగున ఉండే ఆ పేరు ఈమధ్య కొద్దికొద్దిగా పైకి జరుగుతోంది. ఎందుకో మాత్రం అందులో లేదు.

మూడో గ్రియర్ ఏప్రిల్‌లో పుట్టింది. ఫారం మీద సంతకం పెట్టి బాలింత కళ్లు మూసుకుంది. పక్కన బిడ్డ అమ్మమ్మ డార్లీన్ కూర్చుని ఉంది. శ్రీవిద్య ఉండబట్టలేక, ఈ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆవిణ్ణి అడిగేసింది.

"మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు అది," అంది డార్లీన్.

స్కాట్లండ్‌లో గ్రెగర్ అనే మగపేరు జనం నోళ్లలో నలిగి గ్రియర్ అనే ఇంటిపేరైందట. మెలకువగా కాపలా కాసేవాడని అర్థమట. వాళ్లమ్మకు అన్నదమ్ములు లేరు. ఆమె పెళ్లితో ఆ ఇంట్లో పేరు ఆగిపోయింది. అలాంటి ఇంటిపేరును ఆడపిల్లకు అసలు పేరుగా పెట్టుకోవడం తమవైపు పాత అలవాటేనని చెప్పి, ఆవిడ మామూలుగా అడిగింది.

"మీ అమ్మమ్మ పుట్టింటి పేరేమిటి?"

శ్రీవిద్య చూపు చేతిలోని ఫారం మీదికి పోయింది. పెళ్లికి ముందు తల్లి ఇంటిపేరు ఏమిటన్న గడి రోజూ ఎన్నిసార్లు నింపుతుందో. అమ్మది తెలుసు. అమ్మమ్మది అడగాలని ఎన్నడూ తట్టలేదు.

ఆ రాత్రే విశాఖలో ఉన్న తల్లి ఉషకు ఫోన్ చేసింది. ఇప్పుడెందుకే అది అంటూనే ఆవిడా తడుముకుంది. మా అమ్మని అందరూ సుబ్బాయమ్మగారనే పిలిచేవారు, ఇంటిపేరుతో పనేం పడిందీ అంది. రెండ్రోజులు పోయాక, తునిలో ఉన్న తన పిన్నిని అడిగి ఆవిడే ఫోన్ చేసింది.

"గొడవర్తి వాళ్లటే. ఆ ఇంట్లోనూ అందరూ ఆడపిల్లలే."

శ్రీవిద్య ఆ పేరును చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. శనివారం పొద్దున పద్నాలుగేళ్ల కూతురు కృతి చూసి, సంగతంతా విని, పేరు రెండుమూడుసార్లు పలికి చూసింది. 'డ' దగ్గర నాలుక తిరగలేదు.

"సో, ఈ నేమ్ ఉన్నవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరా?"

"ఎక్కడో ఉండే ఉంటారు. మనకి తెలీదు."

కృతి చీటీ మీద వేలు పెట్టింది. "మరి ఆ అమ్మమ్మ వాళ్ల మామ్‌ది?"

శ్రీవిద్య మళ్లీ తల్లికి ఫోన్ కలిపి, తునిలోని ఆవిడ నంబరు అడిగింది.