బావిలోకి దిగని దీపం

ముందే చెప్పేస్తున్నాను, నా నోట పడితే ఏ సంగతైనా కాస్త ఉబ్బుతుంది. నేను పులి అన్నచోట మీరు పిల్లి అనుకుని చదువుకోండి. నిన్న ఆత్మకూరులో మా పక్కింటివాళ్లు పాత బావి పూడిక తీయిస్తూ, మనిషి దిగేముందు తాడుకు దీపం కట్టి దించారు. సగం దూరం పోయి అది పుటుక్కున ఆరిపోయింది. దిగాల్సిన కుర్రవాడు ఏమీ జరగనట్టు తలగుడ్డ విప్పుకుని నీడన కూర్చున్నాడు గానీ, నేను మాత్రం చేతిలో మజ్జిగ చెంబు పక్కన పెట్టేసి బావి గట్టు దగ్గరికి పోయాను.

మన ఈడువాళ్లకు ధాత కరువు గురించి కొత్తగా చెప్పేదేముంది! ఆ ఏడు ఉదయగిరి కొండమీద ఎగిరే కాకి కిందికి దిగేలోపలే వేగిపోయేది. మబ్బంటే ఏమిటని పిల్లలు పెద్దల్ని అడిగేవారు. కొండకింది పల్లెకున్న ఒకే ఒక్క బావి అడుగంటితే, దాన్ని ఇంకా లోతు చేయడానికి బావులు తవ్వే మా మేనమామ వెళ్లాడు. పెళ్లయిన కొత్తల్లో ఉన్న నేను తాడు పట్టడానికి ఆయన వెంట వెళ్లాను. ఆ బావి ఎంత లోతంటే, పొద్దున వేసిన గులకరాయి చప్పుడు వినాలంటే మధ్యాహ్నం మళ్లీ రావలసిందే. మామ మీసాలు ఎంతటివంటే, దిగేటప్పుడు రెండువైపులా బావి గోడల్ని గీసుకుంటూ పోయేవి.

అంతటి మీసాల మనిషీ దీపం దించనిదే ఏ బావిలోనూ కాలు పెట్టేవాడు కాదు. అడుగున చెడ్డగాలి చేరి ఉంటుందనీ, అక్కడ దీపం బతికితేనే మనిషి బతుకుతాడనీ ఆయన నమ్మకం. ఆరితే ఎంతసేపైనా ఆగి, మళ్లీ దించి చూసేవాడు. ఆ రోజూ దించాడు. ఆరింది. వంగి లోపలికి ఒక కేక వేస్తే, ఆ కేకను కూడా బావి మింగేసింది.

మామ వెనక్కి జరిగి కూర్చోబోతుండగా, ఖాళీ కడవలతో గట్టు చుట్టూ మూగిన ఆడవాళ్లలోంచి ఒక ముసలవ్వ లేచింది.

"శుభమా అని నీళ్ల కోసం దిగతా దీపం ఆర్పుకుంటారంట్రా! ఇంక గంగమ్మ పడతాదా?"

ఊరంతా ఆమెకు వంత పాడింది. ఇంకోసారి దించి ఇంకోసారి ఆరితే ఆ బావికిక నీళ్ల యోగమే లేదన్నారు. గాలి తగలని రాతిసందులో, గట్టుమీదే, మరో దీపం ముట్టించి, దీన్ని ఆరనివ్వకుండా మేం చూసుకుంటాం, నువ్వు దిగు అన్నారు.

"అది ఈడుంటే నాకేం చెప్తాది అవ్వా?" అని మామ నవ్వాడు. నవ్వి, కడవలవైపు చూశాడు. చూసి, నడుముకు తాడు బిగించుకున్నాడు.

"అల్లుడా, కూత పెడతా ఉంటా. కూత ఆగితే లాగు."

కూత కిందికి పోయేకొద్దీ సన్నబడింది. ఆగింది. నేను లాగాను, నాతో ఊరూ లాగింది. తాడుకు ఉదయగిరి కొండను కట్టినట్టుంది. పైకొచ్చిన మామ కళ్లు తెరిచి, "ఏందిరా, ఇంత నిమ్మళంగానా లాగేది? నాకు నిద్ర పట్టేసినాది!" అని తిట్టాడు. అందరం పగలబడి నవ్వాం.

నిన్న మా వీధిలో దీపం ఆరితే శకునమని ఎవరూ అరవలేదు. ఆ కుర్రవాడు పొద్దు వాలేదాకా తీరిగ్గా కూర్చుని, మళ్లీ దించి, అది అడుగున వెలుగుతుంటే చూసుకుని దిగాడు. అంతసేపు కూర్చోనిచ్చే కాలం మామకు రాలేదు.

కాకినీ, గులకరాయినీ, మీసాలనూ మీరు ఈపాటికే తగ్గించుకుని ఉంటారు. నేను పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే, మామ తిట్టు. ఆయన కళ్లు తెరవలేదు. గట్టుమీది దీపం, ఊరు మాటిచ్చినట్టే, ఆరలేదు.