పండుగకు ముందు మామిడికాయ

ఆ రోజు పప్పులో మామిడికాయ వేసింది నేనే. ఈ మాట పదేళ్లు దాచాను.

గొల్లపల్లిలో అక్క అత్తవారింటికి వెళ్లాను. పగలంతా అక్కతో సంతలో తిరిగాను. సాయంత్రం ఆమె నీళ్లకు వెళ్లగానే, పొయ్యి మీది పప్పులో అక్కకు తెలియకుండా దారిలో కోసుకొచ్చిన కాయ తరిగి వేశాను. దేవరకు తొలికాయ పెట్టే మామిడి పండుగ కాకముందు ఆ ఊళ్లో ఎవరూ కొత్తకాయ తినరని తెలుసు. ఏమవుతుందిలే అనుకున్నాను.

రాత్రి అన్నానికి కూర్చున్నాక, మొదటి ముద్దకే అక్క మామగారి చెయ్యి ఆగిపోయింది. ఆయన ఊరి పూజారి. అక్క మీద అరిచాడు.

"ఏందే పిల్లా ఇది? దేవరకు పెట్టకముందే నాకు పెడతవా?"

బయటికి పరుగెత్తి, గొంతులో వేలు పెట్టుకుని కక్కాడు. అక్క బిత్తరపోయి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆనాటి నుంచి ఆమె వండితే ఆయన ముట్టలేదు.

మొన్న వెళ్లినప్పుడు ఇద్దరి ముందూ చేతులు జోడించాను.

"మామా, ఆ కాయ వేసింది నేను. అక్కకు తెలియదు. అక్కా, నన్ను మన్నించు."