ముప్పై నాలుగో డబ్బా

మా తాతయ్యను కాలేజీలో అందరూ నిచ్చెన మాస్టారు అంటారు. పాఠాలు చెప్పడం ఆయనకు రాదు. నాకు చెప్పి చూశాడు, పదో తరగతి రెండుసార్లు రాశాను. ఆయన పనల్లా వైర్లు, గదులకు నెట్ పంచే స్విచ్‌లు, పైకప్పుకు అతుక్కుని ఉండే వైఫై డబ్బాలు. దేనికి జబ్బు చేసినా నిచ్చెన భుజాన వేసుకుని అక్కడికే వెళ్లేవాడు. ఎక్కి, కేబుల్ గుచ్చి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని దాని సంగతేదో తేల్చేవాడు. ఇరవై ఏళ్లు అలాగే గడిచాయి.

అమ్మమ్మ అదే కాలేజీలో లైబ్రేరియన్. చదువుకునే గదిలో వైఫై పెట్టిన కొత్తలో తాతయ్య దాన్ని బాగుచేయడానికి రోజుకు మూడుసార్లు వచ్చేవాడట. డబ్బాకు ఏమీ అయ్యేది కాదు. కౌంటర్ మీద మోచేతులు ఆనించి కబుర్లు చెప్పడమే ఆ బాగుచేత. దీనికేం పేరు పెట్టమంటావని ఒకసారి ఆయన అడిగితే, “గుసగుసలొద్దు అని పెట్టండి. మీకే పనికొస్తుంది” అందట అమ్మమ్మ. అప్పటినుంచి ఆ గదిలో ఫోన్ తెరిస్తే వైఫై పేరు గుసగుసలొద్దు.

అమ్మమ్మ పోయి రెండేళ్లయింది. మధ్యాహ్నం భోజనం కాగానే తాతయ్య ఆ గదికి వచ్చేవాడు. ఫోన్ తీసి ఆ పేరు చూసుకునేవాడు, మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. అదే కాలేజీలో చేరిన నేను ఎదురుగా చదువుతున్నట్టు నటిస్తూ రోజూ చూసేదాన్ని.

ఈ ఏడు కాలేజీకి కంట్రోలర్ వచ్చింది. అది సర్వర్ గదిలో ఉండే సాఫ్ట్‌వేర్. పదకొండు స్విచ్‌లు, ముప్పై నాలుగు డబ్బాలు ఇకమీదట దాని మాటే వినాలి. వినాలంటే ముందు పాతవన్నీ మరచిపోవాలి. డబ్బా వెనక చిన్న బెజ్జంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కితే అది అప్పుడే కొన్నదానిలా అయిపోతుంది. కంట్రోలర్ తెర మీద కొత్తగా కనబడుతుంది. చేర్చుకుంటే కంట్రోలర్ తన పేరు తగిలిస్తుంది. కాలేజీ అంతటికీ ఒకటే పేరు.

స్విచ్‌లన్నీ కలిపాడు. డబ్బాలు ముప్పై మూడు కలిపాడు. ముప్పై నాలుగోదాన్ని, చదువుకునే గదిలోదాన్ని మాత్రం రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చాడు. చివరికి శుక్రవారం ఆయన పైఅధికారి చినసారు స్వయంగా ఆ గదికి వచ్చాడు. తాతయ్య దగ్గరే పని నేర్చుకున్న మనిషి.

“మాస్టారూ, ఇక్కడి స్విచ్ కంట్రోలర్ కిందికి వెళ్లిపోయింది. పాత డబ్బాకు కరెంటు వస్తోంది గానీ నెట్ రావడం లేదు. పిల్లలు నా ప్రాణం తీస్తున్నారు.”

“పేరు కనబడుతోందిగా.”

“పేరుతో ఏం చేసుకుంటారు మాస్టారూ?”

తాతయ్య పైకప్పు మీది డబ్బా వైపు చూశాడు.

“సాయంత్రంలోగా కలిపేయండి. ఈ ఒక్క గదికి పాత పేరు ఉంచుదామని పైన అడిగాను, ఒప్పుకోలేదు” అని చెప్పి చినసారు వెళ్లిపోయాడు.

తాతయ్య ఎక్కి పిన్ను పెట్టి నొక్కాడు. పది సెకన్ల పనికి చాలాసేపు పట్టింది. దాన్ని కంట్రోలర్‌లో చేర్చుకోగానే నా ఫోన్‌లో గుసగుసలొద్దు పోయి అన్ని గదుల పేరే వచ్చింది.

“తాతయ్యా, కంట్రోలర్‌లోనే ఆ పేరు రెండో పేరుగా పెట్టెయ్. ఎవరు చూడొచ్చారు?” అన్నాను. చదువు తప్ప అన్నీ వచ్చు నాకు.

“ఈ దొంగబుద్ధి ఎవరి పోలికే?”

“నీ మొహం అద్దంలో చూసుకో.”

నవ్వి, నిచ్చెన మీదే కూర్చుని, డబ్బాకు జానెడు దూరంలో లాప్‌టాప్‌లో ఆ పేరు టైప్ చేసి నొక్కాడు. పొరపాటంతా అందులోనే జరిగింది. ఇరవై ఏళ్లుగా ఏ డబ్బా పక్కన కూర్చుని రాస్తే అది ఆ డబ్బాకే. కంట్రోలర్‌కు ఆయన ఎక్కడ కూర్చున్నాడో ఏం తెలుసు? ఫలానా గదికని ఎంచి చెప్పకపోతే అన్నిటికీ పంపేస్తుంది. పంపేసింది.

కాసేపటికే చినసారు ఫోన్ చేశాడు. “మాస్టారూ, ప్రిన్సిపాల్ గారు మీటింగ్‌లో ఉన్నారు. అందరి ఫోన్లలో గుసగుసలొద్దు అని వస్తోందట. ఎవర్ని అంటున్నారని అడుగుతున్నారు.”

తాతయ్య గబగబా నిచ్చెన దిగాడు. “తీసేస్తానయ్యా. ఒక్కసారి చుట్టూ తిరిగొచ్చి తీసేస్తాను.”

“అరగంట మాస్టారూ. ఆయనకు నేనేదో ఒకటి చెప్పుకుంటాను.”

తాతయ్య నిచ్చెన అక్కడే వదిలేసి బయల్దేరాడు. నేను వెంటపడ్డాను. క్యాంటీన్‌లో ఫోన్ చూశాడు, ఉంది. ల్యాబ్ దగ్గర ఉంది. సైకిల్ స్టాండ్‌లో సిగ్నల్ ఒక గీత తగ్గినా ఉంది. మూడో అంతస్తు కిటికీ దగ్గర ఆగాడు.

“ఇక్కణ్ణుంచి ఊరంతా కనబడుతుంది, ఒక్కసారి రావే అని మీ అమ్మమ్మను ఎన్నిసార్లు బతిమాలానో. మోకాళ్లు మోకాళ్లంటూ రాలేదు మహాతల్లి.”

“ఇవాళ వచ్చిందిగా” అన్నాను, ఏడిపిద్దామనే.

ఆయన నావైపు తిరగలేదు. అరగంటలో సగం ఆ కిటికీ దగ్గరే అయిపోయింది.

కిందికొచ్చి తీసేశాడు. చదువుకునే గదికి ఒక్కదానికైనా ఉంచుకుంటాడనుకున్నాను. తన కోసం అబద్ధమాడిన చినసారుకు మాట వస్తుందని అదీ ఉంచలేదు. వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

మూల బల్ల దగ్గర ఇద్దరమ్మాయిలు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుతున్నారు. తాతయ్య వాళ్లను చూశాడు. కౌంటర్ వైపు చూశాడు. కొత్త లైబ్రేరియన్ తల వంచుకుని కార్డులు సర్దుకుంటోంది.

“గుసగుసలొద్దని నేను చెప్పనా తాతయ్యా?”

“ఉండవే” అన్నాడు, కౌంటర్ మీదినుంచి చూపు తిప్పకుండా. “కాసేపు చూద్దాం.”