ముందే రాసిన ముప్పై ఏడు

నాకు ముక్కు మీదే కోపం. ఈ మాట మా అమ్మ అంటుంది, అక్క అంటుంది, నాతో పనిచేసినవాళ్ళు నా వెనకాల అనేవాళ్ళు. నేను పెళ్ళి చేసుకున్న మనిషి మాత్రం ఇప్పటిదాకా అనలేదు. ఎందుకనలేదని ఒకసారి అడిగితే, తెలిసిన ముచ్చట మళ్ళీ చెప్పడం దేనికన్నాడు.

అప్పట్లో నేను నాచారంలో ఒక మాత్రల కంపెనీలో కెమిస్టును. జనగామ దగ్గర మా ఊరి నుంచి వచ్చి, ఎమ్మెస్సీ చదివి, చిల్కానగర్‌లో అక్కాబావల ఇంట్లో ఉంటూ డ్యూటీకి వెళ్ళేదాన్ని. తయారైన మాత్రలను ల్యాబులో పరీక్షించడం నా పని. నేను సరేనని సంతకం పెట్టనిదే ఆ సరుకు గేటు దాటదు. ఇరవై నాలుగేళ్ళకే అంత అధికారం చేతికొస్తే కాళ్ళు నేల మీద ఆనుతాయా? నాకు ఆనలేదు.

ఆ ల్యాబులో ఒక పద్ధతి ఉండేది. కాగితం మీద తప్పు పడితే చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. తప్పు అంకె మీద ఒకే ఒక్క గీత గీయాలి, కింద ఏముందో కనపడాలి. పక్కన సరైన అంకె, కారణం, సంతకం, తేదీ. ఏ అంకెనైనా కంటితో చూశాకే రాయాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఈ పాఠం చెప్పే పని నాకే అప్పగించారు. ఒకసారి మా పక్క బల్ల అమ్మాయి అరచేతిలో అంకె రాసుకుని తర్వాత కాగితానికి ఎక్కించింది. అందరి ముందూ కడిగేశాను. ఆ పిల్ల బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చిందని తర్వాత తెలిసింది. అయ్యో అనుకున్నాను గాని వెళ్ళి పలకరించలేదు.

నేను పెళ్ళి చేసుకున్న ఆ మనిషి మా కంపెనీలోనే రెండేళ్ళు స్టోర్స్‌లో పనిచేశాడు. అంబర్‌పేటలో ఉండే క్రైస్తవ కుటుంబం. వాళ్ళ నాన్న సూర్యాపేట వైపు నుంచి వచ్చి తాపీమేస్త్రీగా ఇక్కడే స్థిరపడ్డాడు. ఏదైనా సామాను ఆలస్యమైతే నేను స్టోర్స్ కిటికీ ముందు నిలబడి అరిచేదాన్ని. అతను అంతా విని, అరవడం అయిపోయాక రిజిస్టరు నా వైపు తిప్పి, సంతకం చేయమని పెన్ను అందించేవాడు. నా అరుపుకు బెదరనివాడు, ఎదురు అరవనివాడు అప్పటికి నాకు తగిలింది అతనొక్కడే. ఇష్టపడకుండా ఎట్లా ఉంటాను?

జీతం చాలక అతను మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్‌కు మారాడు. అక్కడంతా రాత్రి పని. సాయంత్రం ఆరింటికి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కంపెనీ కారు ఎక్కాలి. నా డ్యూటీ ఐదుంబావుకు అయిపోయేది. బట్టలు మార్చుకుని, షేర్ ఆటో పట్టుకుని రింగ్ రోడ్డుకు చేరేసరికి ఐదూముప్పావు. మా ప్రేమకు మిగిలింది రోజుకు పావుగంట. అది కూడా ప్రశాంతంగా కాదు. జనగామ, వరంగల్ బస్సులన్నీ ఆగేది అక్కడే. ఏ బస్సులోంచి మా ఊరివాళ్ళు దిగుతారోనని ఒక కన్ను అటే పెట్టి టీ తాగేదాన్ని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మా వంటగది కిటికీ ఏ దిక్కున ఉండాలనే దాని మీద కూడా ఆ పావుగంటలోనే కొట్లాడుకున్నాం.

చివరికి చూసింది ఊరివాళ్ళు కాదు, మా బావ. బావ బస్సు కండక్టరు. ఒక సాయంత్రం ఫుట్‌బోర్డు మీద నిలబడి మమ్మల్ని తీరిగ్గా చూసుకుంటూ పోయాడు. ఇంటికొచ్చి అరవలేదు. అన్నం తిని చేయి కడుక్కున్నాక అన్నాడు:

"పిల్లగాడు మంచోని లెక్కనే ఉన్నడు. మతం సంగతి మీ బాపుతోని నేను మాట్లాడుత. గని రాత్రి కొలువోనికి పిల్లనియ్యమని నేనెట్ల అడగాలె? ముందుగాల పగటి కొలువు సూసుకొమ్మను."

అప్పటి నుంచి మా పెళ్ళి అతని పగటి కొలువు మీద ఆధారపడింది. అతను అడగని ఆఫీసు లేదు. అదే సమయంలో మా ల్యాబులో సీనియర్ పోస్టు ఖాళీ అయింది. మా సెక్షన్ హెడ్ యాభై ఏళ్ళ మేడం, గొంతు పెంచి మాట్లాడి ఎరగదు. నా పేరు పైకి పంపానని చెప్పింది. ఆ వారమంతా నేను ఎవరినీ తిట్టలేదు.

సెల్ ఫోన్లు మేం గేటు దగ్గరే ఇచ్చి లోపలికి పోవాలి. అందుకే ఆ రోజు మధ్యాహ్నం నాలుగున్నరకు ల్యాబు ఫోనుకు నాకు ఫోనొచ్చిందనేసరికి ఇంట్లో ఎవరికేమైందోనని పరుగున వెళ్ళాను. అతనే. పగటి కొలువు దొరికిందని, ఆ సాయంత్రమే ఒప్పుకోవాలో కాదో చెప్పాలని, కొంచెం తొందరగా రమ్మని అన్నాడు. ఎక్కడో అడిగేలోపే పెట్టేశాడు.

అప్పుడు నా చేతిలో ఉన్నది మాత్ర ఎంతసేపట్లో కరుగుతుందో చూసే పరీక్ష. ఆరు గాజు జాడీల్లో నీళ్ళు మనిషి ఒంటి వేడిలో, అంటే ముప్పై ఏడు డిగ్రీల్లో ఉంటాయి. మాత్రలు వేసి, లోపల తెడ్లు తిరుగుతుండగా, చెప్పిన సమయాలకు కొంచెం కొంచెం నీళ్ళు బయటికి తీయాలి. తీసినప్పుడల్లా గడియారం, వేడి చూసి రాయాలి. ఆ రోజు ఆలస్యంగా మొదలవడంతో చివరిసారి తీయాల్సింది డ్యూటీ దాటాక, ఐదూ ఇరవైకి. నేను ఐదింటికి బయటపడితే అతనితో అరగంట మాట్లాడొచ్చు. మూడేళ్ళుగా ఎప్పుడు చూసినా ఆ వేడి ముప్పై ఏడే. ఒక్కనాడు కూడా మారలేదు. పెన్ను తీసి, ఐదూ ఇరవై, ముప్పై ఏడు అని ముందే రాసి సంతకం పెట్టాను. సమయానికి నీళ్ళు తీసిపెట్టమని పక్క బల్ల అమ్మాయిని బతిమాలి వెళ్ళిపోయాను.

కొలువు పూణేలోనట. పగటి పని, టీం లీడర్ పోస్టు. అతని మొహం వెలిగిపోతోంది. పెళ్ళి చేసుకుని ఇద్దరం పోదామని, మందుల కంపెనీలు అక్కడా ఉన్నాయని, నాలాంటిదానికి పని దొరక్కపోదని వరసగా చెప్పుకుపోయాడు. నేను సగంలోనే ఆపాను.

"నీ కొలువు నీ ఎంబడి పూణే వస్తది. నాది నాచారంలనే ఉంటది. నేనేమన్న మూటనా, నెత్తిన వెట్టుకొని పోనీకి?"

పూణేవాళ్ళను రెండు రోజుల గడువు అడుగుతానన్నాడు అతను. అడిగితే అడుగు, పోతే పో అనేసి ఆటో ఎక్కాను. చిల్కానగర్ దాకా ఏడుస్తూనే ఉన్నాను. అతని మీద కోపం కంటే, అతను అంత సంతోషంగా ఉన్నప్పుడు నేను అలా మాట్లాడానన్న బాధే ఎక్కువ.

మర్నాడు పొద్దున మేడం నన్ను బల్ల దగ్గరికి పిలిచింది. ఆమె ముందు నా కాగితం, దాని పక్కన కరెంటు పోయిన వేళలు రాసే రిజిస్టరు ఉన్నాయి. నేను వెళ్ళిన పది నిమిషాలకే కరెంటు పోయిందట. జనరేటరు మొరాయించింది. ఐదూ నలభైకి గాని మళ్ళీ రాలేదు. అంతసేపూ తెడ్లు ఆగిపోయాయి, నీళ్ళు చల్లబడ్డాయి. ఆ అమ్మాయి కరెంటు వచ్చాకే నీళ్ళు తీసింది. నా కాగితం మీద మాత్రం ఐదూ ఇరవైకి ముప్పై ఏడు డిగ్రీలు నిక్షేపంగా ఉన్నాయి, నా సంతకంతో సహా.

నేను నోరు తెరవకముందే పక్క బల్ల అమ్మాయి వచ్చి నిలబడింది. తనే చూసుకోకుండా తప్పు అంకె చెప్పానని, నేను అది నమ్మి రాశానని మేడంతో అంది. అందరి ముందూ నేను ఏడిపించిన పిల్ల. తల ఊపితే చాలు, నేను బయటపడతాను, సీనియర్ పోస్టు నాదవుతుంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్ల చెప్పింది నిజం కాదని, చూడకుండానే రాశానని మేడంకు చెప్పాను. అంకె మీద ఒక గీత గీసి, పక్కన 'చూడకముందే రాసినది' అని కారణం రాసి సంతకం పెట్టాను.

మేడం కాగితం తీసుకుని నెమ్మదిగా అంది. "ఈ ఏడాది ప్రమోషన్ లిస్టుల నీ పేరుండదు. బాధపడకు అని నేననను. పడు. వచ్చే ఏడు మళ్ళ సూద్దాం."

పరీక్ష మొత్తం మొదటి నుంచి నేనే మళ్ళీ చేశాను. మధ్యలో ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకున్నాను. తను ఏడవనే లేదని, ఆ రోజు కంట్లో నలక పడిందని బుకాయించింది.

సాయంత్రం దాకా ఒకటే ఆలోచన. ఇక నాచారంలో నన్ను పట్టి ఉంచేది ఏముంది? సీనియర్ పోస్టు పోయింది. పూణే వస్తానంటే అతను గంతులేస్తాడు, బావ మాట్లాడతాడు, పెళ్ళయిపోతుంది. ఇంత సులువైన దారి ముందుంటే నాకు భయమేసింది. నా నోటి సంగతి నాకు తెలుసు. ఈ పూట అతనితో వెళ్తే, ఇక్కడ ఓడిపోయి వెళ్ళినదాన్నవుతాను. ఆ ఓటమిని జీవితాంతం అతని ఖాతాలోనే వేస్తాను.

రింగ్ రోడ్డు దగ్గర అతనికి జరిగిందంతా చెప్పాను. ముందే రాసిన అంకె, పోయిన పోస్టు, ఏదీ దాచలేదు. స్టోర్స్‌లో పనిచేసినవాడు కాబట్టి ఆ తప్పు ఎంతటిదో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

"గిప్పుడు నీతోని వస్తే ఓడిపోయి వచ్చినట్టయితది," అన్నాను. "రేపు కూరల ఉప్పు ఎక్కువైందన్నా గూడ పూణే ముచ్చట దీసి నిన్ను తిడ్త. నాకు జర టైం గావాలె. నువ్వు పో."

ముందురోజు అన్న మాటే. కాని ఈసారి కోపం లేదు. కారు వచ్చి హారన్ కొడుతుంటే అతను, "నీ కోసం ఆగుత తీ. ఫికర్ జెయ్యకు," అని ఎక్కి వెళ్ళిపోయాడు. పది రోజులకు పూణే రైలెక్కాడు.

ఏడాది అనుకున్నది రెండేళ్ళయింది. ఉద్యమం రోజులవి. ఒక్కోసారి అతను సెలవు పెట్టుకునేసరికి ఇక్కడ బంద్ పడేది, రైళ్ళు ఆగిపోయేవి. ఆదివారం ప్రార్థన అయ్యాక ఫోన్ చేసేవాడు. పావుగంట కాదు, రెండేసి గంటలు మాట్లాడుకున్నాం. అతను ఇంత మాట్లాడతాడని నాకు అప్పుడే తెలిసింది. బావ మాత్రం నలిగిపోయాడు. గుడిలో కాకపోతే వద్దని మా బాపు, చర్చిలో కాకపోతే వద్దని వాళ్ళ అమ్మ. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. చివరికి, ఇద్దరి దేవుళ్ళనూ ఇబ్బంది పెట్టకుండా సర్కారు దగ్గర చేసుకొమ్మని బావే తీర్పు చెప్పాడు. ఇద్దరికీ సమానంగా నచ్చలేదు కాబట్టి ఇద్దరూ ఒప్పుకున్నారు.

రెండో ఏడు లిస్టులో నా పేరు వచ్చింది. గేటు దగ్గర సెల్ చేతికి రాగానే అతనికి ఫోన్ చేశాను. సంతోషించాడు. తర్వాత, తనదీ ఒక ముచ్చట ఉందన్నాడు. ఉప్పల్‌లో కొత్తగా తెరిచిన ఒక ఆఫీసులో పగటి పని ఒప్పుకున్నాడట. టీం లీడర్ కాదు, మామూలు పనే. అదీ ఆరునెలల కాంట్రాక్టు. పూణేలో రాజీనామా ఇచ్చేశాడు.

నాకు ఒళ్ళు మండింది. "నన్నడగకుంట గట్లెట్ల ఇడిసిపెట్టినవ్?"

"పొమ్మన్నప్పుడు నన్నడిగినవా?" అన్నాడు తాపీగా.

ఆ రోజు నుంచి నాకు లోపల ఒక గుబులు మొదలైంది. అతని స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. ప్రతి పోట్లాటలోనూ వదులుకున్న పూణే పోస్టును బయటికి లాగేదాన్ని. ఇవాళ కాకపోతే రేపు, అతనూ ఆ మాట అంటాడని కాచుకుని కూర్చున్నాను. టీ తాగుతూ నవ్వితే నవ్వులో వెతికేదాన్ని, మాట్లాడకపోతే ఆ మౌనంలో వెతికేదాన్ని.

రింగ్ రోడ్డు మీద మెట్రో స్తంభాల కోసం గుంతలు తవ్వడం మొదలుపెట్టిన రోజుల్లో పెళ్ళి నోటీసు ఇవ్వడానికి బావను వెంటబెట్టుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళాం. నెల రోజులు మా కాగితం బోర్డు మీద ఉంటుంది, ఎవరికీ అభ్యంతరం లేకపోతే పెళ్ళి. బల్ల వెనక ఉన్న పెద్దాయన ఫారం నింపుతూ నా ఉద్యోగం దగ్గర పెన్ను ఆపాడు. నా వైపు చూడలేదు. పెళ్ళయ్యాక కూడా ఆమెను పనికి పంపుతావా అని అతన్ని అడిగాడు. నేను నోరు తెరవబోయాను. బావ నా మోచేయి పట్టుకున్నాడు.

"నేను పంపుడేంది సార్," అన్నాడు అతను. "ఆమెది పర్మినెంటు. సీనియర్. ఆర్నెల్లయితే నాదే ఉంటదో ఊడుతదో. ఆమెది మంచిగ రాయండ్రి."

ఆ గొంతులో ముల్లు ఉందేమోనని ఎంతో వెతికాను. లేదు. ఆ పెద్దాయనకు నా పోస్టు పేరు స్పెల్లింగు కూడా తనే చెప్పాడు, ఒక్కో అక్షరం ఆపి ఆపి, పొరపాటు పోకుండా.

బయటికొచ్చాక బావ జిరాక్సు కోసం వెళ్ళాడు. ఇద్దరం మెట్ల మీద నిలబడ్డాం. నాకు ఏడుపొస్తోంది, నవ్వూ వస్తోంది.

"పూణేనే గాదు, ఇప్పుడు నువ్వు యాడికి రమ్మన్నా వస్త," అన్నాను.

అతను ఫారం మడత పెట్టి జేబులో పెట్టుకుంటూ నా వైపు చూశాడు.

"ఇప్పుడా జెప్పేది?" అన్నాడు.